ఇటలీ ఇంటి గుట్టు

శనివారం ఉదయం తొమ్మిదింటికి ఇటలీ నుంచి వీడియో కాల్ వస్తుంది, పదింటికల్లా ఇల్లు మనదైపోతుంది అని విజయశ్రీ లెక్క. అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో ఉండే మనిషికి ఇటలీలో ఇల్లెందుకని అడిగితే చాలా చెబుతుంది. ద్రాక్షతోటలంటుంది, రాతిగోడలంటుంది, సముద్రపు గాలంటుంది. అసలు కారణం అవేవీ కావు. ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, అంటే తలా ఒకటి వండి తెచ్చుకుని తినే విందు. అవే కుటుంబాలు, అవే గ్రీన్‌కార్డు కబుర్లు, అదే పనీర్ కూర. ఏడాదికి ఒక్క నెల, "వచ్చే వారం మీ ఇంట్లోనే కదా" అని ఎవరూ అడగని చోట కూర్చోవాలని ఆవిడ కోరిక. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఏళ్ళ తరబడి ముప్పై మందికి పులిహోర కలిపిన మనిషి ఆ మాత్రం కోరుకోవచ్చు.

ఆ ఇల్లు దక్షిణ ఇటలీలో ఓ చిన్న ఊళ్ళో ఉంది. పాడుబడిన రాతి ఇంటిని ఫిలొమేనా అనే పెద్దావిడ, ఆవిడ భర్త ఓపిగ్గా బాగుచేయించుకున్నారు. భర్త పోయాక ఆవిడ దాన్ని అమ్మకానికి పెట్టింది. బ్రోకర్ మార్కో బేరం అంతా కుదిర్చి, చివర్లో ఓ మెలిక చెప్పాడు. కొనేవాళ్ళతో ముఖాముఖి మాట్లాడి, నచ్చితేనే ఆవిడ సంతకం పెడుతుందట. ఈ లోపల డెన్మార్క్ పళ్ళ డాక్టరొకాయన అదే ఇంటికోసం కాచుకుని కూర్చున్నాడు. ఈ కాల్ చెడితే ఇల్లు ఆయనదే.

విజయశ్రీ భర్త ఫణికుమార్ మంచివాడు, అంటే దేనికీ అడ్డు చెప్పడు. అడ్డు చెప్పే పని ఆయన తల్లి నాగమణిది. ఆర్నెల్లుండి పోదామని విజయవాడ నుంచి వచ్చిన ఆవిడకు కూడా ఇల్లు నచ్చింది. ఫొటోల్లో నేల కింద వైన్ పీపాలు పెట్టే గది చూసి, "ఆవకాయ జాడీలకి చల్లగా బాగుంటుంది" అని ఒప్పేసుకుంది. ఒక్కటే షరతు.

"సంతకాలయ్యేదాకా బయట ఎవ్వరికీ తెలియకూడదు," అంది. "ఇప్పుడున్న ఈ ఇల్లు కొన్నప్పుడేమైంది? ఆఫర్ పెట్టకముందే అందరికీ ఫొటోలు పంపారు. వరసగా ఇళ్ళన్నీ చేజారిపోయాయి. దిష్టి కాక ఇంకేంటి?"

"అప్పుడు మార్కెట్ అలా ఉందమ్మా," అన్నాడు ఫణి.

"మార్కెట్‌కీ తగులుతుంది దిష్టి," అంది నాగమణి.

చిక్కల్లా, ఆ శనివారం పొద్దున్నే చక్రధర్ ఇంట్లో టిఫిన్ల పాట్‌లక్ ఉండటం. చక్రధర్, అతని భార్య జాహ్నవి రెండు వీధుల అవతలే ఉంటారు. రాలేమని చెప్పాలి, ఎందుకో చెప్పకూడదు. విజయశ్రీ వంటింట్లోంచి జాహ్నవికి ఫోన్ చేసింది.

"రాలేమే జాహ్నవీ. ఒంట్లో బాగాలేదు. ఈయన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు."

సరిగ్గా అప్పుడే ఫణి గరాజ్‌లోంచి చక్రధర్‌కి ఫోన్ చేశాడు. "సారీ రా, అర్జెంట్‌గా ఆఫీస్‌కి వెళ్తున్నా. విజయా? తను... షాపింగ్‌కి వెళ్ళింది."

మొగుడూ పెళ్ళాలు అబద్ధమాడదలచుకుంటే ముందు ఓసారి కూర్చుని మాట్లాడుకోవాలి. వీళ్ళిద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఇంతకంటే చిన్న విషయాలకు ఆఫీసులో రోజుకు రెండు మీటింగులు పెట్టుకుంటారు, ఇంట్లో మాత్రం పెట్టుకోరు.

అక్కడ చక్రధర్ వంటింట్లో జాహ్నవి దోసెలు పోస్తోంది. "పాపం విజయక్కకి బాగాలేదట. ఫణిగారు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నారట," అంది.

"వాడు ఆఫీస్‌కెళ్తున్నానన్నాడే? తను షాపింగ్‌కెళ్ళిందన్నాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెనం మీద దోసె మాడింది.

"ఏవండీ, పోయిన వారం విజయక్క నాతో ఒక మాటంది. ఒక నెల ఎవరూ లేని చోటికి వెళ్ళి ఉండాలనుందే అంది. నేనేదో మామూలుగా అందిలే అనుకున్నా."

"వీడూ అంతే. ఈ మధ్య ఫోనొస్తే చాలు, బయటికెళ్ళి మాట్లాడుతున్నాడు," అన్నాడు చక్రధర్.

జాహ్నవి ఆగలేక నాగమణికి ఫోన్ చేసింది. "ఆంటీ, ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. ఇప్పుడేమీ అడక్కు. ఇద్దరూ లోపల కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ సంతకాల సంగతి తేలిపోనీ, అన్నీ నేనే చెబుతాను."

"సంతకాలేంటి ఆంటీ?"

"అడక్కన్నానా? ఏ ఆటంకం లేకుండా అయిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకో, చాలు."

జాహ్నవి ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. "విడాకులు," అంది. "అత్తగారే దగ్గరుండి ఇప్పిస్తోంది."

హాల్లో ఉన్న పాట్‌లక్ జనమంతా విన్నారు. ఆ తర్వాత జరిగిన దానికి ఎవరినీ తప్పుపట్టలేం. ఆపద వచ్చినప్పుడు పరుగెత్తుకెళ్ళే స్నేహితులు వాళ్ళు. వండినవి వదిలేసి వెళ్ళడం వాళ్ళకు చేతకాదు, కాబట్టి గిన్నెలతో సహా బయల్దేరారు.

ఇక్కడ కాల్ మొదలైంది. విజయశ్రీ ఇస్త్రీ చీర కట్టుకుని, టేబుల్ మీదున్నవన్నీ తీసేసి, ఫణిని కదలకుండా కూర్చోబెట్టింది. తెర మీద ఫిలొమేనా నల్ల గౌనులో నిటారుగా కూర్చుంది. ఆవిడ అడిగిన ప్రశ్నలను పక్కనుండి మార్కో ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నాడు. ఎవరెవరు ఉంటారు? ఎన్నాళ్ళుంటారు?

"మేమిద్దరమే. ఏడాదికి ఒక నెల," అంది విజయశ్రీ. "ఎవరూ రారు, పోరు. మా చప్పుడే వినపడదు. మిగతా నెలలన్నీ తాళం వేసి భద్రంగా ఉంచుతాం."

ఫిలొమేనా మార్కోతో ఏదో అంది. మార్కో మొహంలో నవ్వు తగ్గింది. గొంతు సవరించుకుని నోరు తెరిచేలోగా వీధి తలుపు తెరుచుకుంది.

ముందు చక్రధర్, వెనక జాహ్నవి, ఆ వెనక మిగతా అందరూ గదిలోకి వచ్చేశారు. చక్రధర్ నేరుగా వచ్చి ఫణి చేతిలోంచి మౌస్ లాక్కున్నాడు. ఈ రోజుల్లో సంతకాలు దాంతోనే అని అతనికి తెలుసు.

"సంతకం పెట్టకు రా. పిల్లల మొహం చూడు."

"పిల్లలు కాలేజ్‌లో ఉన్నార్రా," అన్నాడు ఫణి అయోమయంగా.

జాహ్నవి తెర వైపు తిరిగి ఇంగ్లిష్ అందుకుంది. "మేడమ్, మీరు లాయరైతే కావచ్చు. కానీ వీళ్ళిద్దరూ ఎంత అన్యోన్యంగా ఉంటారో మాకు తెలుసు. దయచేసి విడదీయకండి." అంటూనే ఏడ్చేసింది. ఆవిడ ఏడిస్తే వెనకున్న ఇద్దరు ముగ్గురు కూడా ఏడ్చారు.

"విడదీయడమేంటే నీ మొహం," అంది నాగమణి గుమ్మంలోంచి. "వాళ్ళు ఇటలీలో ఇల్లు కొనుక్కుంటుంటే."

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇటలీలోనా? ఎన్ని బెడ్‌రూములు?" అన్నాడు చక్రధర్.

ఇల్లు పోయిందని విజయశ్రీకి అర్థమైపోయింది. ఎవరి నుంచి తప్పించుకుందామని అంత దూరాన ఇల్లు వెతుక్కుందో వాళ్ళే వచ్చి దాన్ని చెడగొట్టారు. కోపం వచ్చింది. తన కాపురం నిలబెట్టడానికి చెప్పులతో సహా లోపలికొచ్చిన ఆ మనుషుల్ని చూస్తే ఏడుపూ వచ్చింది. ఎవరు వీళ్ళందరూ అని మార్కో అడిగితే దాచడానికి ఇంక ఓపిక లేకపోయింది.

"ఫ్రెండ్స్," అంది. "మేం విడిపోతున్నామనుకుని ఆపడానికొచ్చారు. టిఫిన్లు కూడా తెచ్చారు."

మార్కో ఆ మాటలు ఇటాలియన్‌లో చెప్పాడు. ఫిలొమేనా కుర్చీ ముందుకు జరుపుకుని కెమెరా దగ్గరికి వంగింది. ఆ గిన్నెలో ఏముందని అడిగింది. జాహ్నవి కళ్ళు తుడుచుకుని ఇడ్లీ చూపించింది, సాంబారు చూపించింది, అలవాటుకొద్దీ ఎలా చెయ్యాలో కూడా చెప్పింది.

"వీళ్ళంతా మా ఊరు కూడా వస్తారా అని అడుగుతోంది," అన్నాడు మార్కో.

"రారు," అందామని విజయశ్రీ నోరు తెరిచేలోగానే, "వస్తామండీ, ఎందుకు రాం?" అన్నాడు చక్రధర్.

మార్కో చాలాసేపు ఫిలొమేనాతో మాట్లాడి ఇటు తిరిగాడు. "నిజం చెప్పాలంటే, వీళ్ళు రాకముందే ఆవిడ కుదరదనేసింది. ఏడాదంతా తాళం వేసేవాళ్ళకీ, చప్పుడు చెయ్యని వాళ్ళకీ ఇవ్వదట. అంత పెద్ద వంటిల్లు కట్టుకున్నది అందుకు కాదంటోంది. ఇప్పుడు మాత్రం మీకే ఇస్తానంటోంది."

ఫణి మౌస్ తీసుకుని సంతకం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. మార్కో వ్యాపారస్తుడు. తెర మీద అంతమందిని ఒక్కసారి చూశాక, తమ వీధిలోనే బాగుచేసి అమ్మకానికి పెట్టిన ఇళ్ళు ఇంకా ఉన్నాయని చెప్పకుండా ఉండలేకపోయాడు. చక్రధర్‌కి ఎదురిల్లు కుదిరింది. మిగతావాళ్ళలో కొందరు పక్కిళ్ళు చూసుకున్నారు, కొందరు కలిసి పెద్దదొకటి తీసుకున్నారు.

మరుసటి జూలైలో అందరూ ఇటలీ వెళ్ళారు. తల్లిని తీసుకుని ఫణి కూడా వెళ్ళాడు. అక్కడ ప్రతి శనివారం ఫిలొమేనా కట్టుకున్న వంటింట్లో పాట్‌లక్ జరుగుతోందనీ, ఆవిడే ముందు వచ్చి కూర్చుంటోందనీ ఫొటోలొచ్చాయి. ఆఫీసులో లీవ్ దొరకలేదని చెప్పి విజయశ్రీ బాతెల్‌లోనే ఉండిపోయింది. ఆ నెలంతా ఆవిడను పిలిచినవాళ్ళు లేరు, ఆవిడ ఇంటికి వచ్చినవాళ్ళు లేరు. ఆకలేసినప్పుడు తింది, నిద్రొచ్చినప్పుడు పడుకుంది, పులిహోర ఊసే ఎత్తలేదు.

ఇటలీ ఇల్లెలా ఉందని ఇప్పుడెవరైనా అడిగితే, కొన్న దగ్గర్నుంచీ చాలా ప్రశాంతంగా ఉందంటుంది విజయశ్రీ; వెళ్ళి చూడటం మాత్రం ఇంకా కుదరలేదు.