మొహమాటస్తుడి కవచం

ప్రతి ఇంట్లోనూ ఒక కవచం ఉండితీరాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. బండి నడిపేవాడి తలకు హెల్మెట్ కావాలన్నారు, బాగుంది. మరి మిగతా ఒళ్లు ఏం పాపం చేసింది? రోడ్డు మీద ఎప్పుడో తగిలే దెబ్బకే అంత జాగ్రత్త అయితే, ఇంట్లోనూ ఆఫీసులోనూ రోజూ తగిలే వాటి సంగతేమిటి?

నవ్వకండి. ఒక పూటంతా కవచం తొడుక్కుని ఊళ్లో తిరిగినవాణ్ని, అనుభవం మీద చెబుతున్నాను. చొక్కాకంటే కవచమే సుఖం. కాకపోతే అది వేసుకుని కూర్చోలేము, వంగలేము, వీపు గోక్కోలేము. అయినా ఇవన్నీ చేయగలిగి మనం ఇన్నాళ్లూ సాధించింది మాత్రం ఏముంది?

ముందు నా గురించి రెండు ముక్కలు. ఆఫీసులో నన్ను 'సరేగారు' అంటారు. అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. ఎవరు ఏం అడిగినా నా నోట్లోంచి ముందు 'సరే' వస్తుంది, ఆలోచన తర్వాత తీరిగ్గా వస్తుంది. దీన్ని మా అమ్మ మంచితనం అనేది. మా ఆవిడ జబ్బంటుంది. నేను మర్యాదగా మొహమాటం అంటాను.

కవచం కూడా అలా ఒక 'సరే'లోంచి పుట్టిందే. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడిలో 'రేపటి మనిషి' అని ఒక ప్రదర్శన పెట్టారు. ఇంకో గ్రహానికి వెళ్లే సైనికుడి కవచం బొమ్మ ఒకటి గీసుకొచ్చి, "దీన్ని నిజంగా చేద్దాం నాన్నా, వేసుకోడానికి పొడుగాటి మనిషి కావాలి" అంది. నేను పొడుగాటి మనిషిని కాను. కాదనని మనిషిని. ఆ సంగతి దానికి బాగా తెలుసు.

ఇక చూడండి మా ఇల్లు! హాల్లో ఫోమ్ షీట్లు, వంటగదిలో గ్లూ గన్, సోఫా మీద ఎవరివో తెలియని రెండు మోచేతులు. ఛాతీ భాగానికి షీటు చాలకపోతే మా ఆవిడ వ్యాయామం చేసే చాప కోశాం. పొద్దున్నే ఆవిడ వచ్చి, "నా చాపేదీ?" అంది. "రక్షణ శాఖ స్వాధీనం చేసుకుంది" అన్నాను. హెయిర్ డ్రైయర్ కూడా అదే శాఖలో ఉందని ఆవిడకు తర్వాత తెలిసింది పాపం. ఫోమ్ వేడెక్కితేనే కదా వంగేది!

కొలతల దగ్గర నేనో ఘనకార్యం చేశాను. అమ్మాయి నడుము చుట్టూ టేపు పెట్టగానే పొట్ట లోపలికి లాగేశాను. కన్నకూతురి ముందైనా సరే, మగవాడికి టేపు దగ్గర ఒక పరువంటూ ఉంటుంది. ఆ పరువు కొలతకే కవచం తయారైంది. తొడుక్కుని ఊపిరి వదలగానే వెనక పట్టీలు టపటపా ఊడిపోయాయి. మా ఆవిడ చాపలో మిగిలిన ముక్క కూడా అలా దేశసేవకు పోయింది.

అసలు పొరపాటు మెడ దగ్గర జరిగింది. "మెడ చుట్టూ రెండు వేళ్ల ఖాళీ వదులు నాన్నా" అని చెప్పి అమ్మాయి బడికి వెళ్లింది. సరే అన్నాను. తీరా చూస్తే ఆ ఖాళీ నాకు నచ్చలేదు. భవిష్యత్తు సైనికుడికి మెడ కనపడటమేమిటి, నామోషీ కాదూ? మందంగా ఫోమ్ కోసి, శిరస్త్రాణం కింది మెడపట్టీ చుట్టూ నింపి అంటించేశాను. జిగురు అమ్మినాయన ముందే చెప్పాడు, "ఇది అంటుకుంటే పుట్టుకతో వచ్చినట్టేనండీ, మళ్లీ ఊడదు" అని. అబద్ధం చెప్పలేదు.

సాయంత్రం అమ్మాయి ఆ శిరస్త్రాణం నా తలకు తగిలించి, "ఏదీ, తల ఊపు" అంది. ఊపాను. ఊగలేదు. గడ్డం కిందికి దిగదు, పైకి లేవదు. సీసా మూతలాగా పక్కలకు మాత్రం హాయిగా తిరుగుతోంది.

"నాన్నా! ఇది పెట్టుకుంటే నువ్వు అవునని చెప్పలేవు! అడ్డంగానే ఊపగలవు!" అని అది పడీ పడీ నవ్వింది.

"అయితే దాన్ని తియ్యకండి!" అని వంటింట్లోంచి మా ఆవిడ కేక పెట్టింది.

పోనీ నోటితో చెబుదామా అంటే అదీ లేదు. శిరస్త్రాణానికి కళ్ల ముందున్న అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల చిన్న ఫ్యాను పెట్టాం. లోపల నేను ఎంత గొంతు చించుకున్నా బయటికి 'బుర్ర్' అని వినిపిస్తుంది.

ఇంతకీ ఆ ప్రదర్శన శనివారం. అదే శనివారానికి నేను ఇంకో ముగ్గురికి 'సరే' చెప్పి ఉన్నాను! స్టోర్ రూమ్ సర్దడానికి రమ్మన్న ఆఫీసరుగారికి, ఇల్లు మారుతున్న మా బావమరిదికి, నీళ్ల ట్యాంకు కడిగేటప్పుడు దగ్గరుండి చూడమన్న అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటుగారికి. కిందటేడు కూడా ఇలాగే ఎవరికో ఏదో ఒప్పుకుని, నేను అమ్మాయి బడికి చేరేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. ఈసారి అమ్మాయి 'వస్తావుగా నాన్నా' అని ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడం చూసి నాకు నిజంగా భయం వేసింది.

శనివారం పొద్దున తల్లీకూతుళ్లు కలిసి నన్ను కవచంలోకి ఎక్కించారు. ఆఫీసరుగారికి ఫోన్ చేసి బతిమాలుకుందామంటే ఫోమ్ వేళ్లకు ఫోను లొంగలేదు. "నువ్వు చెయ్యవూ?" అన్నట్టు మా ఆవిడ వైపు తిరిగాను. "ఒప్పుకున్నది మీరు, మీరే చెప్పుకోండి" అంది.

అంతలో బావమరిది వచ్చాడు. "బావా, బీరువా మొయ్యాలి, బయల్దేరదామా?" అన్నాడు. లోపల నేను యథాప్రకారం 'సరే' అనేశాను, ప్రమాణపూర్తిగా! కానీ అద్దంలోంచి చూడటానికి ఉన్న జాగా వేలెడంత. వాడెక్కడున్నాడో వెతుక్కుంటూ తల ఇటూ అటూ తిప్పాను. వాడు అది చూసి, "కుదరదా? పోనీలే బావా, మా పక్కింటాయన్ని పిలుచుకుంటా" అని వెళ్లిపోయాడు.

అంతే! ఆకాశం విరిగి పడలేదు. చుట్టరికం తెగలేదు. వాడు వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "భలే ఉందిలే" అన్నాడు కూడా.

లిఫ్టులో ప్రెసిడెంటుగారు తగిలారు. ట్యాంకు సంగతి ఎత్తారు. గొంతు ఏ పక్కనుంచి వస్తోందో తెలియక మళ్లీ తల తిప్పాను. "ఓహో, పనుందా? ముందే చెప్పొచ్చుగా, నేనే చూసుకునేవాణ్ని" అన్నారు. ముందే చెప్పొచ్చట!

అప్పుడు తెలిసింది నాకు తత్వం. మొహం ఉంటేనే కదా మొహమాటం! ఆ మొహాన్నే కప్పేస్తే అది ఎక్కడ నిలబడుతుంది? పండితులు దీనికి వేరే వ్యుత్పత్తి చెబుతారేమో నాకు తెలియదు. లిఫ్టులో దిగుతూ కనిపెట్టింది ఇదే.

బడికి నడిచి వెళ్లే దారిలోనే కాబట్టి ఆఫీసు దగ్గర ఆగాం. అమ్మాయి గేటు దగ్గర నిలబడింది. ఆఫీసరుగారి కాళ్లావేళ్లా పడి గంట పర్మిషన్ తెచ్చుకోవాలని నా ప్లాను. మోకాళ్లు వంగవు గనక కాళ్ల మీద పడటం ఎలాగో మాత్రం ఆలోచించలేదు. రోజూ ఐడీ కార్డు అడిగే గేటు మనిషి సెల్యూట్ కొట్టి తలుపు తీశాడు. ఆఫీసరుగారు లేచి నిలబడ్డారు! ఆ గదిలోకి నేను చొక్కాతో వెళ్లినప్పుడు ఆయన కంప్యూటర్ లోంచి తలే ఎత్తరు.

"ఏదైనా కంపెనీ ప్రచారమాండీ? బాగుంది, బాగుంది. మంచినీళ్లు తాగుతారా?" అన్నారు. నేను 'బుర్ర్' అన్నాను. "ఇంతకీ దారిలో మా సరేగారు ఎక్కడైనా కనిపించాడా? స్టోర్ రూమ్ సర్దాలి, ఇంకా రాలేదు."

నేనే సార్ అని అమ్మాయి చేత చెప్పిద్దామని, కిటికీలోంచి అది కనిపిస్తుందేమోనని తల తిప్పాను. అటూ తిప్పాను, ఇటూ తిప్పాను.

"లేడా? సరేలెండి, సోమవారం చేసుకోవచ్చు. అంత తొందరేం లేదు" అన్నారు ఆయన.

తొందరేం లేదు! పాఠకులారా, వింటున్నారా? ఈ తొందర లేని పనుల కోసమే నేను ఎన్ని శనివారాలు ఆ గదిలో దుమ్ము పీల్చానో! సోమవారం చేసుకోదగ్గ పనుల కోసం ఎన్ని చోట్లకు కుర్చీలు మడిచేసే వేళకు చేరానో!

ఈసారి మాత్రం కుర్చీలు వేస్తుండగానే చేరాం. నన్ను గేట్లోంచి దాటించి లోపలికి తీసుకెళ్తుంటే అమ్మాయి నా వేలు వదలకుండా గట్టిగా పట్టుకుంది. ఫోమ్ మీదనుంచి కూడా తెలిసింది. వస్తాననుకోలేదన్నమాట. సిగ్గేసింది నాకు.

న్యాయనిర్ణేతగా వచ్చిన ఒక పెద్దావిడ చుట్టూ తిరిగి చూసి, "ఈ కవచం ప్రత్యేకతేమిటమ్మా? వేడి నుంచి కాపాడుతుందా, కిరణాల నుంచా?" అని అడిగింది.

అమ్మాయి ఏమాత్రం తడుముకోలేదు. "ఇది వేసుకుంటే మా నాన్న వద్దు అనగలరండీ" అంది.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కానీ అద్దానికి ఆవిరి పట్టేసింది. ఫ్యాను ఆగిపోయిందని తర్వాత అందరికీ చెప్పుకున్నాను.

బహుమతి వచ్చింది. శిరస్త్రాణం తీసి నీళ్లు తాగుతుంటే హెడ్మాస్టరుగారు వచ్చి, "ఈ కవచం మా బడిలో ఉంచేయకూడదూ? అద్దాల బీరువాలో పెడతాం" అన్నారు. నీళ్లు గొంతు దిగకముందే నా నోట్లోంచి వచ్చేసింది, "సరేనండీ, తప్పకుండా!" అని. మొహం బయట ఉంది మరి! అమ్మాయి నా వైపు చూసి, బహుమతి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

కాబట్టి కవచం లేని మనిషి బతుకు ఎంత ప్రమాదకరమో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇక దాని ప్రయోజనాలు వరసగా చెబుదామనుకున్నాను. పెళ్లిళ్లకు, మీటింగులకు, కరచాలనాలకు వేర్వేరు నమూనాలు కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

కానీ నిన్న ఒకటి జరిగింది. అమ్మాయి ఫోన్లో స్నేహితురాలితో మాట్లాడుతోంది. "సరే... సరేలే... నీ చార్టు కూడా నేనే గీసేస్తాలే... పర్లేదు." ఆ 'పర్లేదు' నాకు తెలుసు. అక్షరం తేడా లేకుండా అది నాదే! "మరి నీ చార్టు ఎప్పుడు గీసుకుంటావే?" అన్నాను. "చూద్దాంలే నాన్నా" అంది. అదీ నాదే.

ఇవాళ పొద్దున చూస్తే పక్క గదిలో ఒక్కతే కూర్చుని ఫోమ్ కోస్తోంది. ఇంకో కవచమట. ఈసారి తనకట. మెడ చుట్టూ ఖాళీ లేకుండా నింపుకుంటోంది. "నాన్నా, వీపు దగ్గర పట్టీ అందటం లేదు, వస్తావా?" అని పిలిచింది. "ఒక్క నిమిషం" అన్నాను.

ఆ నిమిషం అయ్యి చాలాసేపయింది. ఎందుకంటే అప్పుడే ఎడిటరుగారు ఫోన్ చేసి, ఇంకెవరో రాయాల్సిన వ్యాసం రాలేదు, ఏదైనా సరదాగా రాసివ్వండి, పేజీ నిండాలి అన్నారు. నేనేమన్నానో మీరు ఊహించగలరు. అలా తయారైందే మీరిప్పుడు చదువుతున్నది. అమ్మాయి మళ్లీ పిలవలేదు. పిలవడం మానేయడం ఎంత తొందరగా నేర్చుకుందో!

ఎడిటరుగారూ, నమస్కారం. పేజీ నిండలేదని నాకు తెలుసు. కింద మిగిలిన జాగాలో ఏ సబ్బు ప్రకటనో వేసుకోండి. మిగతాది రాయడం నాకు కుదరదు.