ఉంగరం మీద నీలం నిలవకూడదు!

రంగు నిలవకపోవడమే టైటానియానికి ఉన్న అసలు గొప్పతనం! ఈ మాట తమాషాకి అనడం లేదు. ఇర్వింగ్‌లో మా ఇంటి గరాజ్‌లో, ఖాళీ అయిన పెరుగు డబ్బాలో వంట సోడా నీళ్లు పోసి, మా ఆవిడ ఉంగరాన్ని అందులో ముంచి, కరెంటు పెట్టి రంగు తెప్పించిన అనుభవంతో అంటున్నాను.

తెలియనివారికి చెప్పాలి. టైటానియానికి పెయింటు వేయనక్కర్లేదు. ఒక వైరు ఉంగరానికీ ఇంకో వైరు స్టీలు గరిటెకీ తగిలించి, రెండిటినీ నీళ్లలో ఉంచి, పవర్ సప్లై నాబ్ తిప్పితే చాలు. ఉంగరం మీద సన్నటి పొర పుడుతుంది, ఆ పొరే రంగుగా కనిపిస్తుంది. వోల్టేజి పెరిగేకొద్దీ ముందు ఇత్తడి రంగు, తర్వాత ఊదా, ఆపైన నీలం. ఆశకి పోయి ఇంకాస్త తిప్పారా, నీలం కాస్తా పాలిపోయి వెండిలా తేలుతుంది. నాబ్ వెనక్కి తిప్పినా తిరిగి రాదు. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే ఏడుపు. రంగు నిలవడం లేదు, ఏం చెయ్యాలి? అయ్యా, నిలిచి ఎవరిని ఉద్ధరించాలి? నిలిచే రంగే కావాలంటే ఇంత శ్రమ దేనికి? తెల్లటి కౌంటర్‌టాప్ మీద చెంచాడు సాంబారు ఒలకబోసుకోండి! ఇల్లు అమ్మేదాకా ఉంటుంది. కొన్నవాళ్లకూ ఉంటుంది. హైవే మీద రోడ్డు పనుల వాళ్లు పెట్టిన ఆరెంజ్ డ్రమ్ములు చూడండి. మేం ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. ఈ టెక్సస్ ఎండకి మనుషులు వెలిసిపోయారు గానీ అవి వెలవలేదు! శాశ్వతమైనవాటికి ఇక్కడ కొదవేముంది?

ఇక ఉంగరం సంగతి. మా ఆవిడ జ్ఞానప్రసూన మేడమీద గదిలో కూర్చుని ఒక కంపెనీకి పనిచేస్తుంది. నేను కింద గదిలో ఇంకో కంపెనీకి. మధ్యలో మెట్లున్నాయి గానీ వాటితో పెద్దగా పని పడదు. "రైస్ పెట్టారా?" అని పైనుంచి మెసేజ్ వస్తే, కిందనుంచి బొటనవేలి బొమ్మ పంపిస్తాను. భోజనాల దగ్గర ఇద్దరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. ఆవిడ "కరెక్టే" అంటే నాతో అందా, మేనేజర్‌తో అందా అని అడగడం మర్యాద కాదు కదా!

ఈ పెళ్లిరోజుకి కొన్నది కాకుండా చేత్తో చేసింది ఇద్దామని నాకు బుద్ధిపుట్టింది. ఉత్త టైటానియం ఉంగరం తెప్పించి, రంగు ఇంట్లోనే వేద్దామనుకున్నాను. ఆవిడ సంతోషంగా గరాజ్‌లోకి వచ్చింది, పసుపు గిన్నె పట్టుకుని. కొత్త మిషన్‌కి బొట్టు పెట్టకుండా స్విచ్ వేసే ఇల్లు మనలో ఉంటుందా? పవర్ సప్లైకి పెట్టింది. పెరుగు డబ్బాకి పెట్టింది. "శుభమా అని మొదలుపెడుతున్నాం కదండీ" అంటూ అదే వేలితో ఉంగరానికీ పెట్టింది.

బొట్టు పెట్టిన చోట తప్ప మిగతా అంతా చక్కటి నీలం వచ్చింది. అది కూడా ఎంతో కాలం ఉండలేదు.

"ఏమండీ, మళ్లీ పోయింది" అంటూ ఆవిడ గరాజ్‌లోకి రావడం అలా మొదలైంది. నాబ్ ఆవిడ తిప్పుతుంది, నేను డబ్బాలోకి చూస్తాను.

"ఆపు, ఆపు! నీలం!"

"ఇది నీలమా? ఉతికి ఉతికి వెలిసిన జీన్స్‌లా ఉంది."

"అయ్యో, దాటిపోయింది ప్రసూనా!"

"మీరు లేటుగా చెప్పారు."

ఇక గీకడం మొదలు. గీకుతూ నోరు మూసుకుని కూర్చోలేం కదా! ఆవిడకి ఎడమ మోకాలు నొప్పిగా ఉంటోందని నాకు తెలిసింది అక్కడే. మేం ప్రతి శుక్రవారం వెళ్లే మెక్సికన్ హోటల్ ఆవిడకి ఏనాడూ నచ్చలేదని తెలిసిందీ అక్కడే. రంగు గట్టిదైతే ఇవన్నీ నాకెవరు చెప్పేవారు?

అంతలో మిషిగన్ నుంచి తేజేశ్వర్ దిగాడు. నా కాలేజీ మిత్రుడు, కారు విడిభాగాలకు పూతలు వేసే కంపెనీలో ఇంజనీరు. అడక్కుండా సలహా ఇవ్వడం అతని జన్మహక్కు.

"పార్ట్ మీద పసుపేంట్రా చక్రపాణీ! అసలు వేలే తగలకూడదు. ఎసిటోన్‌తో క్లీన్ చెయ్. ఎచ్చింగ్ లిక్విడ్‌లో ముంచి పైపొర కరిగించు. గ్లవ్స్ వేసుకో. డిస్టిల్డ్ వాటర్ వాడు" అన్నాడు. ఆవిడ పసుపు గిన్నె కొంగు చాటుకి జరిపింది.

అంతటితో ఆగాడా? సగంసార్లు రంగు పోనే లేదట! ఆవకాయ నూనె పట్టి మసకబారిందట! అద్దాలు తుడిచే స్ప్రే కొట్టి తుడిచి చూపించాడు. నీలం నవ్వుతూ బయటికొచ్చింది. కొన్ని విషయాలు మిత్రులు తమలోనే దాచుకుంటే బాగుంటుంది.

వెళ్లేముందు ఉంగరానికి తనే శాస్త్రోక్తంగా రంగు వేసి వెళ్లాడు. అది నిలిచింది! పిండి కలిపినా నిలిచింది, గిన్నెలు తోమినా నిలిచింది. వేసవి పోయింది, దసరా పోయింది, నీలం మాత్రం పోలేదు. మోకాలు ఎలా ఉందని పైకి మెసేజ్ పెడితే "ఇన్ ఎ మీటింగ్" అని జవాబొచ్చింది. శుక్రవారాలు ఎక్కడికి వెళ్లాలో తోచక ఎక్కడికీ వెళ్లడం మానేశాం. ఆ తేజేశ్వర్‌ని తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది!

మొన్న శనివారం గరాజ్ తలుపు చప్పుడైంది.

"ఏమండీ, మళ్లీ పోయింది."

లైటు కింద పెట్టి చూశాను. నిజమే, పోయింది. చుట్టూ సన్నటి గీతలు, అన్నీ ఒకే వాటంగా ఉన్నాయి. మా సింకు పక్కనుండే స్టీలు పీచు పెట్టి రుద్దితే సరిగ్గా అలాంటి గీతలే పడతాయి. ఆవిడ నావైపు చూడకుండా లాన్‌మోవర్ వైపు చూస్తోంది.

"తేజేశ్వర్ పనితనం ఇంతే" అన్నాను.

"నేనప్పుడే అనుకున్నా" అంది.

ఎసిటోన్‌తో తుడిచాను. పైపొర కరిగించాను. గ్లవ్స్ వేసుకున్నాను. ఇక వేలు తగలకుండా నీళ్లలో ముంచితే చాలు, మళ్లీ దసరాదాకా ఈ ఉంగరం ఊసెత్తనక్కర్లేదు. తలెత్తి చూస్తే ఆవిడ పసుపు గిన్నెతో నిలబడి ఉంది.

"పెట్టనా?" అంది.

"నిండుగా పెట్టు" అన్నాను.