నెత్తలి గుర్తుపట్టిన మనిషి

గంగడుపాలెం పురపాలక సంఘంలో ఆ ఏడాది నుంచి ఎవరు ఎవరో తేల్చే పని వాళ్ళ ఇంట్లోని పిల్లులకు, కుక్కలకు అప్పగించారు. వేలిముద్రలు అరిగిపోతున్నాయి, కార్డుల మీది ఫోటోలు ఎవరివీ వాళ్ళలా ఉండడం లేదు, కాబట్టి జనం కూడా ఇదే సబబుగా ఉందనుకున్నారు. కుక్క అయితే తోక మూడుసార్లు ఊపాలి. పిల్లి అయితే ఐదు నిమిషాల్లోగా కాలికి తల రుద్దాలి, లేదా ఒళ్ళోకి ఎక్కాలి. ఒకసారి చూసి మొహం తిప్పుకోవడం గుర్తింపు కిందికి రాదు. ఇంట్లో కూడా అవి చేసేది అంతేనని పిల్లులున్నవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. అర్జీ పరిశీలనలో ఉంది.

మూడుసార్లు గుర్తింపు రాకపోతే ఆ మనిషిని మార్కెట్టు వెనక ఉన్న రేకుల షెడ్డుకు పంపుతారు. అక్కడ రెండు పూటలా అన్నం పెడతారు, ఎవరూ కసురుకోరు. ఆదివారాలు పిల్లులు, కుక్కలు వచ్చి తమకు నచ్చిన మనిషిని ఎంచుకుని తీసుకెళ్తాయి. ఏ జంతువూ లేనివాళ్ళు మొదటి వారమే తమంతట తామే షెడ్డుకు వెళ్ళిపోయారు.

మైలపల్లి పోలమ్మ చేపలమ్ముతుంది. ఆమె ఇంట్లో ఆమె కాకుండా ఒక పిల్లి ఉంది. ఐదేళ్ళ కిందట వలల కుప్పలో దొరికినప్పుడు నెత్తలి చేపంత ఉందని దానికి ఆ పేరే పెట్టింది. రోజూ మధ్యాహ్నం పోలమ్మ వచ్చే వేళకు నెత్తలి సందు మొదట్లో కూర్చుని ఉంటుంది. పోలమ్మకు షెడ్డంటే భయం లేదు. షెడ్డుకు వెళ్ళినవాళ్ళ పిల్లిని వేరే ఇంటికి రాసేస్తారు, అదీ ఆమె భయం.

మొదటిసారి పిలుపు వచ్చినప్పుడు, వెళ్ళేది గవర్నమెంటు ఆఫీసు కదా అని, కుంకుడుకాయలతో తలంటుకుంది. సబ్బు రెండుసార్లు రుద్దుకుంది. పౌడరు రాసుకుని, మల్లెపూలు పెట్టుకుని, ఇస్త్రీ చీరలో, నెత్తలిని మూత బుట్టలో పెట్టుకుని వెళ్ళింది. నెత్తలి బుట్టలోంచి దిగి ఆమె కుచ్చిళ్ళు వాసన చూసి, బీరువా కిందకు పోయింది.

"ఏటే నెత్తలీ, నానేనే!"

"దానికి చెప్పకూడదమ్మా, రూలు ఒప్పుకోదు," అన్నారు గుమాస్తా పరాంకుశం గారు. ఆయన శాకాహారి, ఒంటరి మనిషి. ఆయన ఇంట్లో ఒక కుక్క ఉంది. అది రెండు విచారణల్లోనూ ఆయన్ని చూసి మొరిగింది. ఆ సంగతి ఆయనే స్వయంగా, పొందికైన అక్షరాలతో రిజిస్టరులో రాసుకున్నారు.

తను సరిగ్గా శుభ్రపడలేదేమోనని పోలమ్మ అనుకుంది. రెండోసారికి గంధం సబ్బు కొని, జుట్టుకు సాంబ్రాణి పట్టించుకుని వెళ్ళింది. నెత్తలి వీపు పైకెత్తి బుస్సుమంది.

"పెళ్ళికూతుర్లాగ వొచ్చేస్తే పిల్లికి సిగ్గెయ్యదేటే పోలమ్మా!" అన్నాడు వెనక కుక్కతో నిలబడ్డ ఎల్లాజీ. వరస వరసంతా నవ్వింది. అతని కుక్క అతనికే కాక ఆ గదిలో ఉన్న అందరికీ తోక ఊపింది. దానివల్ల ఆ రోజు రికార్డుల్లో పదకొండు మంది ఎల్లాజీలు నమోదయ్యారు. ఇంకా సరిచేయలేదు.

మర్నాడు పోలమ్మ చేపలమ్ముకుని వస్తే, నెత్తలి సందు మొదటి నుంచి గుమ్మం దాకా కాళ్ళకు చుట్టుకుంటూనే ఉంది.

"ఆపీసులో నానెవరో తెల్దేటి నీకు? రేపు నన్నట్టుకుపోతే నీకు తలకాయలు ఎవులెడతారే?" అంది పోలమ్మ. నెత్తలి చేప తలకాయ తినే పనిలో ఉంది.

మూడో విచారణ రోజు పడవలు ఆలస్యంగా వచ్చాయి. స్నానానికి వేళ మించిపోయింది. పోలమ్మ ఒక చేతిలో నెత్తలి బుట్టతో, నెత్తిన చేపల గంపతో, ముంజేతులకు అంటుకున్న పొలుసులతో పరుగున వచ్చింది. వరసలో వాళ్ళు ముక్కులు మూసుకుని దారిచ్చారు. పరాంకుశం గారు లేచి కిటికీ తెరిచారు.

"తప్పయిపోనాది బాబూ. తానానికి టయిం నేదు. నా పని ఎలాగూ అయిపోనాది, రాసెయ్యండి."

బుట్ట మూత తియ్యగానే నెత్తలి ఒక్క దూకు దూకి ఆమె ఒళ్ళోకి ఎక్కింది. మణికట్టు నాకింది. గడ్డం కింద తల పెట్టి రుద్దింది. ఎనిమిది సెకన్లు పట్టింది. పోలమ్మ కళ్ళు తుడుచుకోబోయి, చేతికి పొలుసులున్నాయని ఆగిపోయింది.

పరాంకుశం గారు 'గుర్తింపు ఉంది' అని రాసి, పుట్టుమచ్చల గడి కొట్టేసి, అక్కడ 'చేపల వాసన' అని నింపారు. ఈ పత్రం ఏడాది చెల్లుతుందని, వాసన లేని సమయంలో ఆమె పోలమ్మగా చెల్లదని వివరించారు.

"మరి పెళ్ళికో పేరంటానికో ఎల్తే?"

"ముందుగా సెలవు చీటీ పెట్టుకోవాలమ్మా. ఆ పూటకు మీరు ఎవరూ కారు."

పోలమ్మకు అది కొత్తగా అనిపించలేదు. పేరంటాల్లో ఆమెను ఇదివరకూ ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. గంప ఎత్తుకోబోతుంటే, పరాంకుశం గారు గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, నా దగ్గర ఏ వాసన వస్తోంది?"

పోలమ్మ బల్ల మీదికి వంగి, శ్రద్ధగా వాసన చూసింది. నెత్తలి కూడా చూసింది.

"ఏటీ రాట్నేదు బాబూ."

"అదే అనుకున్నాను. నా మూడోది గురువారం."

ఆమె నెత్తలిని బుట్టలో పెట్టి మూత వేసింది. "కంగారడకండి. ఆదివారం నెత్తల్ని అట్టుకుని షెడ్డుకొస్తాను. మాయింట్లో ఇంకొకలికి సోటుంది."

పరాంకుశం గారు తన ఫారం తీసి, ఖాళీగా ఉన్న పుట్టుమచ్చల గడిని చూసుకున్నారు. "చేపలు తినాల్సి ఉంటుందా?"

"మెల్లగా అలవాటయిపోద్ది బాబూ," అంది పోలమ్మ.

ఆయన ఆ గడిలో పెన్సిలుతో చిన్నగా ఏదో రాసుకుని, తర్వాతి పేరు పిలిచారు. ఎల్లాజీ. పదకొండు మంది లేచారు.