కదలని వరుస

ఆ మంగళవారం పదింటిలోగా కెలెబొగిలే చేయవలసిన పనులు ఇవి: గని తవ్విపోసిన మట్టిదిబ్బ కింది బస్తీలో అరవై రేకుల ఇళ్ళ తలుపుల మీద ఎర్ర రంగుతో అంకెలు వేయాలి. ఉక్కుసైనికుల వేషాలకు మోకాళ్ళ దగ్గర తుప్పు పులమాలి. అడ్డొచ్చే మేకల్ని పక్క సందులో కట్టించాలి. దర్శకుడు రైనార్ట్‌కు చక్కెర లేని రూయిబోస్ టీ అందించాలి.

వాళ్ళింట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి కెలె. సినిమా కళావిభాగంలో చేరి వారమే అయింది. ఆ సినిమా కథ రాబోయే శతాబ్దపు జొహానెస్‌బర్గ్‌లో జరుగుతుంది. ఉక్కుసైనికులు దిగి, అంకె ఉన్న ప్రతి ఇంటినీ కూల్చి, పేదల్ని ఊరవతలికి తోలేస్తారు.

కాని ఆ బస్తీలో తలుపు మీద అంకె పడిందంటే అర్థం వేరు. ముందు అంకె, వెనకాలే అట్ట పట్టుకున్న గుమాస్తా, ఆ తర్వాత సర్కారు ఇళ్ళ జాబితాలో పేరు. కెలెకు ఆ సంగతి తెలుసు. అంకెల బదులు గీతలు పెడదామా అని అడిగింది కూడా. గీతలు కెమెరాకు ఆనవన్నాడు రైనార్ట్.

నలభై ఒకటో తలుపు తెరుచుకుని, బస్తీ అంతా గోగో, అంటే అవ్వ, అని పిలిచే తొకొజిలే బయటికొచ్చింది. చేతిలో ఇరవై ఏడేళ్ళ నాటి దరఖాస్తు రసీదు. అప్పటి జాబితా ఆఫీసులోనే మాయమైంది. రసీదు మాత్రం మిగిలింది.

"అంకె వేశావు, బాగుంది. పేరెప్పుడు రాసుకుంటావు?"

"గోగో, ఇది సినిమా కోసం."

"జనం ఎగబడతారని అలా చెప్పమన్నారా? నేనెవరికీ చెప్పన్లే. రాయి బిడ్డా."

పెద్దావిడ మాట తీసెయ్యడం కెలెకు ఇంట్లో నేర్పలేదు. ఊరడిల్లితే చాలనుకుని తన అట్ట మీది కాగితంపై పేరు రాసింది. తలెత్తేసరికి గోగో వెనక పదకొండుమంది ఉన్నారు. తొమ్మిదిన్నరకు వరుస టాక్సీల అడ్డా దాకా సాగింది. ఇది సినిమా అని కెలె ఒక్కొక్కరికీ చెప్పింది. ఒక్కొక్కరూ అర్థమైందన్నట్టు కన్నుగీటి గుర్తింపు కార్డు చాపారు. ఆమె రాస్తూ పోయింది. రోడ్డవతలి బస్తీవాళ్ళు అంకె వేయమని తలుపులే ఊడబీక్కుని మోసుకొచ్చారు.

రైనార్ట్ వచ్చి చూశాడు. తన మనుషులు పిలిపించిన గుంపనుకుని మురిసిపోయి, వెంటనే కెమెరా పెట్టించాడు. ఉక్కుసైనికులు దిగారు. ఉత్తుత్తి తుపాకులు పేలాయి. పరుగెత్తమని మైకులో అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. వరుస వదిలితే చోటు పోతుంది.

ఒక సైనికుడు తుపాకీ గోగో గుండెకే ఆనించాడు. ఆవిడ ఎగాదిగా చూసింది.

"ఆ ఇనప చొక్కాలో ఉడికిపోతున్నావు నాయనా. వెనక్కెళ్ళి నిలబడు, ఈ పిల్ల నీ పేరూ రాస్తుంది."

లోపలున్నవాడూ అద్దె రేకుల గదిలోనే ఉంటాడు. శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకుని వరుస చివరికి వెళ్ళాడు. మిగతా ఐదుగురూ వాడి వెనకే నడిచారు.

జనాన్ని పంపకపోతే నువ్వే పోవాలని రైనార్ట్ కెలెను కేకలేశాడు. ఆమె రంగు డబ్బా ఎక్కింది. "నేను ఇళ్ళ ఆఫీసు మనిషిని కాను. ఈ కాగితానికి ఏ విలువా లేదు. నన్ను క్షమించండి."

ఆఫీసు మనుషులెవరూ ఏనాడూ క్షమించమని అడిగి ఎరగరు కనుక, ఈసారి అందరూ నమ్మారు. గోగో రసీదును నాలుగు మడతలు పెట్టి, డబ్బా దిగడానికి కెలెకు చెయ్యందించింది.

సరిగ్గా అప్పుడే కౌన్సిలర్ సిబేకో కారు ఆగింది. తన వార్డులో తనకు తెలియకుండా పేర్లు రాస్తున్నారని ఎవరో చేరవేశారు. కెమెరాలు చూసి టీవీవాళ్ళనుకున్నాడు. ఎవరూ నోరు తెరవకముందే మైకు లాక్కుని, ఈ నమోదు తాను తెప్పించిందేననీ, ఈ అమ్మాయి రాసిన ప్రతి పేరుకూ తనదే పూచీ అనీ ప్రకటించాడు. మూడొందల ఫోన్లు పైకి లేచాయి.

"విన్నాం నాయనా," అంది గోగో. "ఇక కాగితం మీద సంతకం పెట్టు."

పెట్టక తప్పలేదు. వరుసలో మిగిలినవాళ్ళ పేర్లూ కెలె రాసేసింది. నాలుగింటికి అసలు గుమాస్తాలు ముద్రలతో వచ్చి, కెలె రాసిన మూడువందల పన్నెండు పేర్లూ ఎక్కించుకుపోయారు, ఉక్కుసైనికులతో సహా.

ఏడాది గడిచింది. ఇళ్ళు రాలేదు, సినిమా వచ్చింది. తుపాకులకు బెదరని ఆ వరుసను చూసి, భవిష్యత్తును ఎంత బాగా ఊహించారోనని పత్రికలు మెచ్చుకున్నాయి. చివర్లో పడే పేర్లలో ఆ వరుసకు 'గుంపు' అని వేశారు. మీరెప్పుడైనా ఆ సినిమా చూస్తే, అందరికన్నా ముందు నిలబడినావిడ పేరు తొకొజిలే మబాతా అని దయచేసి గుర్తుపెట్టుకోండి.