పద్నాలుగో దృశ్యం

భూమి అడుగున నిప్పు ఉన్నంతకాలం భూమి పైన దానికొక కార్యాలయం ఉండి తీరుతుంది. ఐస్‌లాండ్ ఉత్తరాన హ్వేరాబక్కి అనే ఊళ్ళో దాని పేరు ‘అల్పవ్యయ ప్రకృతి సందర్శన విభాగం’. ఎగజిమ్మే వేడినీటికి టికెట్టు, ఉడికే బురదకు టికెట్టు, నీలి మడుగులో మునిగితే టికెట్టు, మునగకుండా ఒడ్డున నిలబడితే అరటికెట్టు పెట్టేశాక, జేబు పల్చని యాత్రికులకు చూడడానికేమీ మిగల్లేదే అని పైవాళ్ళు బాధపడ్డారు. (గాలి మిగిలింది. దానికి గేటు బిగించే మేస్త్రీ దొరకలేదు.) ఉచిత దృశ్యాలు వెతకమని ఉత్తర్వు వచ్చింది. పదమూడు దొరికాయి. కరపత్రంలో మాత్రం పద్నాలుగు గళ్ళు అచ్చయిపోయాయి. అచ్చయిన గడిని ఖాళీగా వదలడం ఏ కార్యాలయానికీ మర్యాద కాదు.

పద్నాలుగోది స్టెయిన్వోర్ పెరట్లో దొరికింది. ఆమెకు డెబ్భై రెండేళ్ళు. చేపల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు గంట కొడితే కత్తి పట్టి, గంట కొడితే కత్తి దించిన మనిషి; రూలు మీరడం ఆమెకు చేతకాదు. పెరట్లో వాళ్ళమ్మ తవ్విన గొయ్యి ఉంది. రై అనే ధాన్యం పిండి కలిపి ఖాళీ పాల డబ్బాల్లో పోసి, సాయంత్రం ఆ వేడి మట్టిలో పూడిస్తే మర్నాటికి నల్లగా, తియ్యగా రొట్టె తయారవుతుంది. నాలుగడుగులు ఇటు తవ్వితే మట్టి చల్లన. అటు తవ్వితే బూటు కరుగుతుంది.

ఆ మంగళవారం పూడ్చిన రొట్టె అక్క రాన్వేగ్ కోసం. ఆవిడ వృద్ధాశ్రమంలో మంచాన పడి మూడు వారాలైంది. ముద్ద దిగడం లేదు. అంగడి రొట్టె పెడితే మొహం తిప్పుకుంది. “మన గోతిలోది తేవే, వెన్న మందంగా రాసి,” అంది. చెల్లెలు ఆ సాయంత్రమే పిండి కలిపింది.

బుధవారం వెళ్ళేసరికి గోతి చుట్టూ తాడు, ఒక బోర్డు, దృశ్య పర్యవేక్షకుడు హాల్వార్దుర్. పక్కింటివాడే.

“పక్కకి జరగరా హల్లీ. నా రొట్టె లోపలుంది.”

“రొట్టె కాదు స్టీనా, పద్నాలుగో దృశ్యం. సహజసిద్ధం. చెయ్యి పెట్టకూడదు.”

“సహజమా? తవ్వింది మా అమ్మరా!”

“మెల్లగా! మనిషి తవ్విందని తేలితే పురావస్తువు అయిపోతుంది. రాజధాని నించి వాళ్ళు దిగుతారు. చెంచాలతో తవ్వుతారు.”

“పోనీ, చూడనియ్యి.”

“సందర్శకులకే. వీపున సంచుండాలి, ఒక రాత్రైనా గుడారంలో పడుకున్నట్టు రసీదుండాలి. పెరట్లోవాళ్ళు చూసినా చూసినట్టు కాదు. తొమ్మిదో నిబంధన.”

స్టెయిన్వోర్ సంచి తగిలించుకుని, తన ఇంటికెదురుగా ఉన్న శిబిరంలో గుడారం వేసుకుంది. రసీదు రాసిస్తూ అక్కడివాడు మర్యాదకి అడిగాడు, మా ఊరెలా ఉందని. “గాలెక్కువ,” అంది.

గురువారం వరసలో నిలబడింది. ముందున్న విదేశీ జంట ముక్కులెగబీల్చి, ఈ తియ్యని వాసనేమిటని అడిగారు. “గంధకం,” అన్నాడు హాల్వార్దుర్, నోరూరుతుంటే గుటక వేసి. స్టెయిన్వోర్ వంతు వచ్చింది. ఎనిమిది నిమిషాలు, చూపు మాత్రమే. తన గోతిలోంచి వచ్చే ఆవిరిని ఎనిమిది నిమిషాలూ చూసింది. అంతలో ఆశ్రమం నుంచి నర్సు ఫోను: “అడుగుతూనే ఉందమ్మా. ఇవాళ తెస్తున్నావా?”

హాల్వార్దుర్ కూడా మనిషే. ఆ ఫోను విని కరిగిపోయాడు.

“ఒక దారుంది. రాతి నమూనా తీసుకోవచ్చు. ఫారం నింపు. ప్రయోగశాలవాళ్ళు ముద్ర గుద్ది రేపటికల్లా తిప్పి ఇచ్చేస్తారు.”

ఆమె నింపింది. రంగు: నలుపు. లోతు: మోచేతి దాకా. వయసు: రెండు రోజులు.

“అలా రాస్తే తిప్పికొడతారే!” అని అతనే కొట్టేసి, పదివేల ఏళ్ళు అని రాశాడు. తన చేతుల్తోనే తవ్వి తీసి, సంచిలో పెట్టి, లక్క వేశాడు. “అక్కకి చెప్పు, రేపు తప్పకుండా అని.”

ఆమె ఫోను చేసి చెప్పింది. రాన్వేగ్ నవ్విందట.

మర్నాడు ప్రయోగశాల నుంచి జవాబు వచ్చింది. నమూనా పదివేల ఏళ్ళుగా ఆగింది గనుక తొందరేమీ కనబడలేదనీ, ఆరు వారాలు పడుతుందనీ. (సందర్శకుడొకరికి ఒకే నమూనా. పదకొండో నిబంధన.)

రెండో వారంలో రాన్వేగ్ పోయింది. చివరిదాకా ఎవరు తలుపు తీసినా తల తిప్పి చూసేదని నర్సు చెప్పింది. స్టెయిన్వోర్ వెక్కివెక్కి ఏడ్చింది. హాల్వార్దుర్ టోపీ తీసి పక్కనే నిలబడ్డాడు.

ఏడో వారం నివేదిక వచ్చింది. నమూనా వయసు పదివేల ఏళ్ళేనని నిర్ధారించారు. హానికరం కాదనీ, మెత్తగా ఉన్నందువల్ల మంచాన పడ్డ వృద్ధులకు సైతం నిరభ్యంతరంగా పెట్టవచ్చనీ సిఫారసు చేశారు.