కనకమ్మగారు పోయిన శనివారం

కొత్తపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే కుమారస్వామికి ఏ మంచి అలవాటూ మూడోరోజు దాటి నిలవదు. సూర్యనమస్కారాలు రెండు రోజులు చేశాడు. తులసికోట ప్రదక్షిణలు రోజున్నరకే అటకెక్కాయి. తల్లి కనకమ్మకు ఇదొక్కటే దిగులు. కళ్ళు మూసేలోగా కొడుకు రోజూ దేవుడి ముందు కూర్చుని పురాణం చదవడం చూడాలని ఆవిడ కోరిక. శుక్రవారం రాత్రి దగ్గుతో మంచమెక్కి, డాక్టరు సూది వేసి వెళ్ళాక, అదే అదనుగా కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. రోజుకో అధ్యాయం పైకి చదవాలి. అది పూర్తయ్యేదాకా లేవకూడదు, మరో మాట మాట్లాడకూడదు.

తెల్లారేసరికి దగ్గు తగ్గడంతో ఆవిడ తన గదికి తాళం వేసుకుని, మొదటి బస్సులో వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళిపోయింది. కుమారస్వామి భార్య పుట్టింట్లో ఉంది. అతను స్నానం చేసి, సాంబ్రాణి వేసి, పెట్టె అడుగున దొరికిన అట్టలేని పుస్తకం తీశాడు. ఏదైతేనేం, పురాణమే కదా అని గొంతెత్తి మొదలుపెట్టాడు.

అది గరుడపురాణం. తండ్రి పోయినప్పుడు తెప్పించింది. ఇంట్లో మనిషి పోతే తప్ప ఆ వీధిలో ఎవరూ దాన్ని ముట్టుకోరు.

పక్కింటి పార్వతి ముగ్గు వేస్తూ యమభటులు, వైతరణి అన్న మాటలు వింది. రాత్రి డాక్టరు రావడం ఆమె చూసే ఉంది. ముగ్గుగిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"పిన్నిగారు ఏరండీ?"

మాట్లాడకూడదు. కుమారస్వామి సాంబ్రాణి పొగకు కారుతున్న కళ్ళతో గోడమీది వెంకటేశ్వరస్వామి పటం చూపించాడు.

పార్వతి గొల్లుమంది. గంటలో వాకిలి నిండిపోయింది. ఎప్పుడూ ఏదీ వేళకు చేయని మనిషి, శవం ఇంట్లో ఉండగానే పురాణం మొదలెట్టేశాడని అందరూ మెచ్చుకున్నారు. కనకమ్మ గది తాళం చూసి, చదువు ముగిశాక కొడుకే తీస్తాడని వాకిట్లోనే కూర్చున్నారు. కుమారస్వామికి మాత్రం మహదానందంగా ఉంది. తన చదువుకు ఊరు ఊరంతా కన్నీరు పెట్టుకుంటోందనుకుని, గొంతు ఇంకా పెంచి, ఆ ఊపులో వరస తప్పి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాడు.

వీధిపెద్ద సోమేశ్వరరావు వంగి, ఎన్నింటికని అడిగాడు. ఎప్పటికి ముగుస్తుందని అడుగుతున్నాడనుకుని, ఒక్క నిమిషమన్నట్టు కుమారస్వామి వేలు చూపించాడు. ఒంటిగంటకేనని సోమేశ్వరరావు వాకిట్లో ప్రకటించి, పాడెకు వెదుళ్ళు కొట్టించడానికి మనిషిని పంపాడు.

పదకొండింటికి కనకమ్మ ఎండకు నెత్తిన కొంగు కప్పుకుని ఆటో దిగింది. వాకిట్లో జనం, లోపలినుంచి గరుడపురాణం. ఇంట్లో ఎవరో పోయారనుకుంది ఆవిడ. ప్రసాదం సంచీతో సహా పార్వతి పక్కన కూలబడి తనూ ఏడుపు అందుకుంది. కాస్త ఊపిరి తీసుకున్నాక అడిగింది.

"ఎవరే పోయింది?"

"కనకమ్మ పిన్నిగారండి" అంది పార్వతి, కొంగులోంచి ముఖం తీయకుండానే.

"నేనెప్పుడు పోయేనే?"

"పొద్దున్నేనండి, ఆయ్" అని, అప్పుడు కొంగు తీసి చూసింది.

కనకమ్మ సంచీ ఎత్తి కొడుకు వీపున నాలుగు వేద్దామని లోపలికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే అతను పుస్తకం మూసి కళ్ళకద్దుకున్నాడు.

"అమ్మా, అధ్యాయం పూర్తి చేసేనే."

నలభై ఏళ్ళ జీవితంలో వాడు మొదలుపెట్టి ముగించింది ఇదొక్కటే. ఆవిడకు నిజంగా కన్నీళ్ళొచ్చాయి. సంచీలోంచి లడ్డూ తీసి నోట్లో పెట్టింది. సోమేశ్వరరావు తేరుకుని, రేపటినుంచి భాగవతం చదివించమని సలహా ఇచ్చాడు.

"వద్దండి బాబూ" అంది కనకమ్మ. "పుస్తకం మారిస్తే వీడు అదే వంక పెట్టి మానేస్తాడు. ఇదే కానివ్వండి. నేను పోనులెండి."

నలభై రోజులు కుమారస్వామి ఒక్క పూట కూడా మానలేదు. ఆ నలభై రోజులూ చదువు ముగిసేదాకా కనకమ్మ, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా, వీధిగుమ్మంలో నిలబడింది.