సూర్యుడికి చుట్టిన గోనెపట్టా

ఇకమీదట సూర్యుణ్ణి ఊరికే కూర్చోనిచ్చేది లేదని మంత్రిగారు తాడిపత్రి సభలో ప్రకటించారు.

"అనంతపురం జిల్లాలో వానలు లేవని కొందరు ఏడుస్తున్నారు. ఎండ లేదని ఒక్కరైనా ఏడ్చారా? ఆ ఎండను దేశసేవలో పెడతాం! ఇంటింటా సూర్యుడి చేత వేడినీళ్లు కాయిస్తాం!" అన్నారు. మే నెల మిట్టమధ్యాహ్నం. తలమీద తువ్వాలు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తొడ చరిచి జనం తమ హర్షం తెలియజేశారు.

రెండు చేతులతోనూ చప్పట్లు కొట్టింది ఒక్కడే, యాడికి ఊరికి అవతల రాళ్లదిన్నె పంచాయతీ ప్రెసిడెంటు నరసింహప్ప. మాడు మాడిపోతున్నా ఆయన లెక్కచేయలేదు. కారణం లేకపోలేదు. నియోజకవర్గం ఎమ్మెల్యే పోయి సీటు ఖాళీగా ఉంది. ఉప ఎన్నికకు పార్టీ టికెట్టు ఎవరికివ్వాలో తేల్చేది మంత్రిగారే. అడిగేవాళ్లు ఇద్దరు. నరసింహప్ప ఏళ్ల తరబడి జెండా మోశాడు, జైలుకు పోయొచ్చాడు, మీటింగు పెట్టిన ప్రతిసారీ షామియానా వేయించాడు. రెండోవాడు పక్కూరి దివాకర్. అతను మంత్రిగారి వెనకాల నిలబడ్డాడు. ఇద్దరి సేవా గొప్పదే కాబట్టి మంత్రిగారు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు.

సభ ముగియగానే నరసింహప్ప మంత్రిగారి ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"సార్, ఆ ఎండనీళ్ల మిషను మొట్టమొదట మా ఇంటి మిందనే పెట్టించండి. మీరే వచ్చి తొలి స్నానం చేయాల."

మంత్రిగారు మొహాన చెమట తుడుచుకుని ఒప్పుకున్నారు. మే నెలలో వేడినీళ్ల స్నానానికి ఒప్పుకోవడమంటే మాటలు కాదు. ప్రజాసేవలో ఉన్నవాళ్లకు ఇలాంటి త్యాగాలు తప్పవు.

ఓవర్సీర్ నూర్ అహమ్మద్ లారీలో సామాను దించి, నరసింహప్ప మిద్దెమీద మిషను బిగించాడు. నల్లరంగు పూసిన రేకుపెట్టె, దానికి అద్దం మూత, పక్కనే నీళ్ల పీపా. పీపా నుంచి ఇనుప పైపు గోడ దిగి, పెరడంతా నడిచి, ఆ చివరనున్న స్నానాల గదిలోకి పోతుంది. మొదటిరోజు తెల్లవారుజామున కొళాయి తిప్పితే నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి.

"పైపు పొడుగెక్కువ సార్. వేడంతా దోవలోనే పోతాండాది. ఇన్సులేషన్ చేయాల," అన్నాడు నూర్ అహమ్మద్.

"అంటే ఏమప్పా?"

"పైపుకు కొబ్బరిపీచు పరిచి, దాని మింద గోనెపట్టా చుట్టి, పురికొసతో బిగించాల. పీపాకు గూడా. లోపలి వేడి బయటికి పోగూడదు."

"ఎండపొద్దు బయటనే ఎక్కువ వేడుండాది గదా. లోపలిది బయటికి వచ్చి ఏం చేస్తాది?"

నూర్ అహమ్మద్ మిద్దెను, ఆకాశాన్ని, నరసింహప్పను మార్చి మార్చి చూశాడు.

"రూల్సులో ఉండాది సార్."

రూల్సును ప్రశ్నించేవాడికి టికెట్టు ఎవరిస్తారు? నరసింహప్ప ఇంట్లో ఉన్న వేరుశనక్కాయల మూటలన్నీ విప్పించి, కాయలు నడవలో కుప్పపోయించి, గోనెలు పెరట్లోకి మోయించాడు. ఆయన భార్య సుబ్బరత్నమ్మ కాయల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ వచ్చింది.

"ఎండాకాలంలో పైపుకు కోటు తొడిగిస్తాండావా? దానికేమన్నా చలిజొరమా?"

"నీకు తెలీదులే. అసెంబ్లీకి పొయ్యే దావ ఆ పైపులోనే ఉండాది."

"అయితే నువ్వు గూడా దాంట్లోనే దూరుకో," అని ఆమె వంటింట్లోకి పోయింది.

గోనె చుట్టడం పూర్తయ్యాక పైపు కంబళి కప్పుకుని పడుకున్న ముసలాయన లాగా తయారైంది. నూర్ అహమ్మద్ కొళాయి కింద వేలు పెట్టి, "స్స్స్!" అని వెనక్కి లాక్కుని, పథకం విజయవంతమైందని చెప్పాడు. నరసింహప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూటే మంత్రిగారికి కబురు పంపి, దండలకీ బ్యాండుకీ తిరగడానికి తాడిపత్రి బయల్దేరుతూ, ఇంట్లో నీళ్లు మోసే ఫాతిమాబీని పిలిచి మరీ చెప్పాడు.

"మంత్రిగారు వచ్చేదాకా ఆ గోనెలను కంటికి రెప్పలాగా చూసుకోవాల. ఏమన్నా తేడా వచ్చిందో, నా బతుకు బజారే!"

"ఆ మాత్రం నాకు తెలీదా సామీ," అంది ఫాతిమాబీ.

మంత్రిగారు మర్నాడు మధ్యాహ్నం దిగారు. వెనకాల దివాకర్, దివాకర్ భుజంమీద మంత్రిగారి తువ్వాలు. దండలూ బ్యాండూ వెంటేసుకుని నరసింహప్ప కూడా అప్పుడే ఇల్లు చేరాడు. మంత్రిగారు స్నానాల గది వైపు, మేకపోతు గుడివైపు చూసినట్టు చూశారు. విలేఖర్లకు నమస్కారం పెట్టి, గుండె దిటవు చేసుకుని లోపలికి వెళ్లారు. తలుపు పడింది. బయట నరసింహప్ప చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఇన్నాళ్ల జెండా, జైలు, షామియానాలు, అన్నీ ఆ కొళాయి చివరకొచ్చి వేలాడుతున్నాయని ఆయనకు తెలుసు.

కొళాయి తిరిగిన చప్పుడైంది. ఆ వెంటనే కేక.

"అబ్బబ్బబ్బ! ఎంత చల్లగా ఉన్నాయండీ!"

నరసింహప్ప పైప్రాణాలు పైనే పోయాయి. దివాకర్ తువ్వాలు ఈ భుజంమీంచి ఆ భుజానికి మార్చుకుంటూ నవ్వాడు.

"ఏమన్నా, నీ సూర్యుడు ఈ పొద్దు సెలవు పెట్టినాడా?"

నరసింహప్ప పరుగెత్తి స్నానాల గది వెనక్కి పోయి చూశాడు. ఫాతిమాబీ నిచ్చెనమీద నిలబడి కడవతో గోనెపట్టామీద నీళ్లు పోస్తోంది. పైపు పొడుగునా గోనె చుక్కలు చుక్కలుగా కారుతోంది. మిద్దెమీద పీపా తడిసి ముద్దయింది. ఆఖరికి అద్దం మూతమీద కూడా తడిగోనె పరిచి ఉంది.

"ఏం చేస్తాండావే ముదనష్టపుదానా!"

"తడుపుతాండా సామీ. నువ్వేగదా చూసుకోమన్నావు? నిన్నట్నుంచి అమ్మగారూ నేనూ ఒక్క గడియ ఆరనీలేదు. నీళ్లకు గోనె చుట్టి ఎండబెడితే ఊరోళ్లు మొగాన ఉమ్మరా?"

ఆమె మాటలో తప్పేముంది? ఆ సీమలో ఎండాకాలం వస్తే నీళ్లు చల్లబడాలని ప్రతి బానకూ ప్రతి కడవకూ గోనె చుట్టి తడుపుతారు. గోనె ఎండిపోయిందంటే ఆ ఇంట్లో ఆడవాళ్లు సోమరిపోతులని అర్థం. నరసింహప్ప నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. టికెట్టు పోయింది, అంతా అయిపోయింది అనుకున్నాడు.

ఇంతలో మంత్రిగారు బయటికి వచ్చి, దివాకర్ వెంట రాగా అటే నడిచారు. మొహం వెన్నెల్లో తడిసినట్టుంది.

"నరసింహప్పగారూ! ఎక్కడండీ మీరు? వేడినీళ్లదేముందండీ, రెండు కట్టెలుంటే ఎవడైనా కాస్తాడు. ఎండ చేత నీళ్లు చల్లబరిచిన మొనగాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను! ఎవరిదండీ ఈ ఆలోచన?"

నరసింహప్ప నిచ్చెన వైపు చూశాడు. ఫాతిమాబీ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. దివాకర్ వైపు చూశాడు. దివాకర్ నవ్వు ఆగిపోయింది. అది చూశాక ఇక తట్టుకోలేకపోయాడు.

"నాదే సార్. చానా దినాలు తల బద్దలు కొట్టుకుని చేసినా."

మంత్రిగారు ఆయన్ను కావలించుకున్నారు. విలేఖర్ల ఎదుట 'సౌర శీతల స్నాన పథకం' అక్కడికక్కడే ప్రకటించారు. తర్వాత నరసింహప్ప భుజంమీద చెయ్యి వేసి, గొంతు గద్గదం చేసుకున్నారు.

"ఇంతటి సైంటిస్టును తీసుకెళ్లి అసెంబ్లీలో పడేస్తే దేశం మనల్ని క్షమిస్తుందా?"

"క్షమిస్తాది సార్," అన్నాడు నరసింహప్ప.

మంత్రిగారికి వినపడలేదు. "మీరు పథకానికి గౌరవాధ్యక్షులు. ఇక ఆ టికెట్టంటారా, దివాకర్‌కి ఇచ్చేద్దాం. పాపం, ఆయనకు వేరే పనేదీ చేతకాదు," అన్నారు.

బ్యాండు వాయించారు. దండలు ముందే తెచ్చి ఉన్నాయి కాబట్టి దివాకర్‌కు వేశారు.

గౌరవాధ్యక్షుడి ఇంటికి బోర్డు వచ్చింది. చూడడానికి పై ఊళ్లనుంచి ఆఫీసర్లు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లంతా స్నానం చేసి పోయేవాళ్లు. పెరటి బావి అడుగంటితే ఊరి బావినుంచి, అది అడుగంటితే ఏటి చెలమలనుంచి ఫాతిమాబీ, మరో నలుగురు ఆడవాళ్లు కడవలతో నీళ్లు తెచ్చి పైపును తడిపేవాళ్లు. ఎలక్షన్ ప్రచారంలో తిరిగి తిరిగి దివాకర్ కూడా రోజూ మధ్యాహ్నం అక్కడికే చేరుకునేవాడు.

"అన్నా, ఒళ్లంతా మంటలు లేస్తాండాది. నీ సైన్సు నీళ్లు రొన్ని పోసుకుని పోతా."

ఒకరోజు ఉదయం ఫాతిమాబీ కడవ దించి నడుం పట్టుకుంది.

"సామీ, నాకొకటి తెలీక అడుగుతాండా. ఇన్ని కడవలు పైపు మింద పోసే బదులు, ఆయప్ప నెత్తి మిందనే ఒక కడవ పోస్తే పోదా?"

"అట్లయితే దాంట్లో సైన్సు యాడుండాదే!" అని కసిరాడు నరసింహప్ప. కసిరాక పైపును చూశాడు. గోడకు తగిలించిన బోర్డును చూశాడు. నడవలో పురుగుపడుతున్న వేరుశనక్కాయలను చూశాడు.

"ఫాతిమాబీ, ఈ పొద్దు తడపొద్దు."

"ఏం సామీ?"

"చానా కష్టపడినావు, పోయి పడుకో. పొయ్యేముందు అద్దం మింద గోనె తీసెయ్."

గోనెలు ఎండాయి. అద్దం తళతళలాడింది. మధ్యాహ్నానికి దివాకర్ జీపు దిగి, చొక్కా విప్పుకుంటూ నేరుగా స్నానాల గదికి పోయాడు. నరసింహప్ప ఎదురుపోయి, తువ్వాలు స్వయంగా అందించి, తలుపు దగ్గరికి వేసి, అరుగుమీద వక్కాకు విప్పుకుని కూర్చున్నాడు.

కొళాయి తిరిగిన చప్పుడైంది. ఆ వెంటనే ఊరవతలికి వినపడేలా కేక.

సుబ్బరత్నమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందయ్యా?"

"ఏం కాలేదులే," అన్నాడు నరసింహప్ప, ఆకుకు సున్నం రాస్తూ. "నీళ్లు కాగినాయి."